న్యూయార్కులో రాత్రి పది దాటాక గ్రైండర్ వేయవచ్చా?

హైదరాబాదు నుంచి వచ్చి న్యూయార్కు నగరంలోని క్వీన్స్‌లో అద్దెకు దిగిన ఒక జంట ఈమధ్య నన్నొక సందేహం అడిగారు: "మన దగ్గర బరాత్‌లకే అడ్డు లేదు కదండీ, ఇక్కడ ఇంట్లో పిండి రుబ్బుకోవడానికి కూడా చట్టమేనా?" చట్టమే. అయితే ఆ ప్రశ్నలో ఒక పొరపాటు ఉంది. చట్టం హైదరాబాదులోనూ ఉంది, కాగితం మీద చూస్తే అది న్యూయార్కు చట్టం కంటే మెత్తనిదేమీ కాదు.

దేశమంతటికీ వర్తించే 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. ఆసుపత్రులు, బడులు, న్యాయస్థానాల చుట్టూ 100 మీటర్ల మేర ఈ హద్దు 50, 40కి తగ్గుతుంది. రాత్రి అంటే పది నుంచి ఉదయం ఆరు వరకు. ఆ వేళల్లో ఆరుబయట మైకు పెట్టకూడదు. పండుగలకూ సాంస్కృతిక కార్యక్రమాలకూ ఏడాదికి 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా సడలింపు ఇచ్చే అధికారం మాత్రం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. తెల్లవారుజామున అయిదింటికి మైకులో సుప్రభాతం విని పెరిగిన మనలో ఈ అంకెలు తెలిసినవారు ఎందరో నేను చెప్పనక్కరలేదు.

న్యూయార్కు నగరం తన శబ్ద నియమావళిని 2005లో తిరగరాసి 2007 జూలై 1 నుంచి అమలులో పెట్టింది. అసలు తేడా కొలిచే పద్ధతిలో ఉంది. మన దేశంలో ప్రాంతాన్ని బట్టి ఒక స్థిరమైన అంకె ఉంటుంది, దానిని కొంత వ్యవధి మీద సగటుగా లెక్కిస్తారు. ఇక్కడి సాధారణ నియమం ఏమిటంటే, మీ ఇంటి నుంచి వచ్చే శబ్దం పొరుగువారి ఇంట్లో అప్పటికే ఉన్న పరిసర ధ్వని కంటే పగలు 10, రాత్రి 7 డెసిబెల్స్ ఎక్కువైతే తప్పు. ఢామ్మని ఒక్కసారిగా వచ్చే చప్పుళ్ళకు ఆ తేడా 15. అంటే రైలు వంతెన పక్కన కాపురమున్నవారికి చెల్లిపోయే చప్పుడే, నిశ్శబ్దంగా ఉండే వీధిలో ఉన్నవారికి నేరమవుతుంది. మంచి పేటలో ఇల్లు దొరికిందని సంతోషించే కొత్తవారు ఈ సంగతి ముందుగా గ్రహించడం మంచిది. పైగా ఇక్కడ పగలు మొదలయ్యేది ఆరింటికి కాదు, ఏడింటికి. ఆరున్నరకు చట్నీ కోసం మిక్సీ వేసే అలవాటున్నవారికి ఆ అరగంటే తగాదా తెస్తుంది.

నా సంగతే చెబుతాను. వచ్చిన కొత్తలో ఆఫీసు నుంచి ఆలస్యంగా వచ్చి, రాత్రి పదకొండింటికి ఇడ్లీ పిండికి గ్రైండర్ వేసేవాణ్ణి. మా వంటింట్లో ఆ చప్పుడు పెద్దగా అనిపించేది కాదు కానీ, రాళ్ళు తిరిగే అదురు చెక్క నేల గుండా కింది వాటాలోని పడకగది కప్పుకు చేరేది. మూడో వారం కింది పెద్దాయన చీపురు కర్రతో పైకప్పును పొడిచాడు, ఆ మరుసటి వారం పోలీసులు తలుపు తట్టారు. అప్పటి నుంచి గ్రైండర్ కింద నాలుగు మడతల పాత బొంత వేసి, సాయంత్రం ఏడింటికే రుబ్బడం మొదలుపెట్టాము. పిల్లల మృదంగ సాధనకూ, కూచిపూడి అడుగులకూ ఇదే ఉపాయం. నేలలో 80 శాతం తివాచీతో కప్పాలన్న షరతు ఇక్కడి అద్దె ఒప్పందాలలో తరచుగా కనిపిస్తుంది, సంతకం చేసే ముందు చూసుకోండి.

ఫిర్యాదులన్నిటికీ 311 ఒక్కటే నంబరు. పొరుగింటి గోల స్థానిక పోలీసులకు వెళుతుంది, నిర్మాణ పనులు, ఏసీ యంత్రాల రొద వంటివి నగర పర్యావరణ పరిరక్షణ శాఖకు వెళతాయి. మీకూ ఆ హక్కు ఉందని మరచిపోకండి. ప్రత్యేక అనుమతి లేనిదే నిర్మాణ పనులు సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉదయం ఏడు, సాయంత్రం ఆరు మధ్యనే జరగాలి. పొరుగింటి కుక్క పగలు పది నిమిషాలు, రాత్రి అయిదు నిమిషాలు ఆగకుండా మొరిగితే అది కూడా ఫిర్యాదుకు తగినదే. ఐస్‌క్రీం బండి సైతం కదులుతున్నప్పుడే పాట వేయాలి, ఆగితే ఆపాలి. ఈ నియమం చదివి నేను చాలాసేపు నవ్వుకున్నాను.

ఇక వినాయక చవితికో బతుకమ్మకో పార్కులో మైకు పెట్టదలిస్తే, ఆ ప్రాంతపు పోలీసు ఠాణాలో కనీసం అయిదు రోజుల ముందు ధ్వని పరికరాల అనుమతికి దరఖాస్తు చేయండి. ఆ అనుమతి కాగితాన్ని మైకు పక్కనే ఉంచుకోండి, వచ్చిన పోలీసు మొదట అడిగేది అదే. దీపావళి బాణసంచా మాత్రం అనుమతి అడిగి కూడా ప్రయోజనం లేదు. చప్పుడు చేయని కాకరపువ్వొత్తి కూడా ఈ నగరంలో నిషిద్ధమే.