కర్నూలు నుంచి ఏడాదికోసారి అండమాన్ వెళ్లి డైవ్ చేసేవారికి ఏ రకం డైవ్ కంప్యూటర్ మేలు?

ఓపెన్ వాటర్ కోర్సు (స్కూబా డైవింగ్‌లో మొదటి మెట్టు) అయిపోయింది, ఇక వాచీ లాంటిది కొనాలా, పెద్ద స్క్రీన్‌దా, గొట్టానికి వేలాడే కన్సోలా అని అడిగారు. నేనైతే ముంజేతికి కట్టుకునే పెద్ద స్క్రీన్ రకమే తీసుకోమంటాను.

లోతునూ సమయాన్నీ బట్టి ఒంట్లో చేరే నైట్రోజన్‌ని లెక్కగట్టి, ఆ లోతులో ఇంకెన్ని నిమిషాలు ఉండొచ్చో చెప్పడమే డైవ్ కంప్యూటర్ పని. 18 మీటర్ల దగ్గర మసక నీటిలో ఆ అంకె ఒక్క చూపులో కనపడాలి. పైకి వచ్చే వేగం, పైకి తేలే ముందు 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగే సేఫ్టీ స్టాప్ కూడా అందులోనే చూసుకోవాలి. వాచీ రకం ఆఫీసుకూ పెట్టుకోవచ్చు, నిజమే. కానీ చత్వారం వచ్చినవాళ్లకు ఆ చిన్న అంకెలతో నీళ్లలో టెన్షనే.

కన్సోల్ సొంత రెగ్యులేటర్ (సిలిండర్ గాలిని నోటికి అందించే పరికరం) ఉన్నవాళ్లకే బాగుంటుంది. మీరు డైవ్ సెంటర్‌లో అద్దెకు తీసుకుంటారు కాబట్టి వద్దు. సిలిండర్ ప్రెషర్ చూపే ట్రాన్స్‌మిటర్‌కీ ఇదే మాట.

బ్యాటరీ మీరే మార్చుకోగలిగేలా ఉండాలి. సముద్రానికి ఇంత దూరంలో సర్వీసుకు పంపడం పెద్ద పని. నైట్రాక్స్ (ఆక్సిజన్ పాలు ఎక్కువున్న గాలి) మోడ్ తప్పనిసరి. వరసగా డైవ్‌లు చేశాక కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు, పోర్ట్ బ్లెయిర్ (ఇప్పటి శ్రీ విజయపురం) నుంచి టికెట్ ఆ లెక్కనే తీసుకోండి.

ఒకే కంప్యూటర్‌ని ఇద్దరు పంచుకోవద్దు. పక్కనే ఈదినా ఇద్దరి లోతులూ ఒకటి కావు.