ట్రాలీ జాకీ దగ్గర ఆయిల్ కారుతుంటే ఇంకా బిగించకండి, ఒకసారి విప్పి చూడండి

టిప్పింగ్ ట్రాలీని ఆయిల్ ప్రెషర్‌తో లేపే జాకీకి హోస్ పైపు రెండుసార్లు మార్చినా నట్టు దగ్గర ఆయిల్ కారుతూనే ఉందని, తెల్ల టేపు చుట్టి గట్టిగా బిగించినా ఆగలేదని రాశారు. ఇంకెంత బిగించాలని అడిగారు. నేను ఎర్రగుంట్ల చుట్టుపక్కల నాపరాళ్లు తోలుతుంటాను. ఒకప్పుడు నేనూ ఇదే అడిగాను. జవాబు తెలిసేలోపు ఒక జాకీ పోయింది.

మా జాకీ పోర్టులో, అంటే ఆయిల్ పోయే రంధ్రంలో, హోస్‌ను కలపడానికి ఉండే అడాప్టర్ పాడైతే కొత్తది కొన్నాను. పాతదీ అరంగుళమే, కొత్తదీ అరంగుళమే. చేత్తో తిప్పితే మూడు చుట్లు సాఫీగా పోయి, తర్వాత బిగుసుకుంది. మంచి పట్టు దొరికిందని సంబరపడ్డాను. ఖాళీ ట్రాలీ లేపితే చుక్క కారలేదు. బండల లోడుతో లేపేసరికి చుట్టూ చెమర్చింది. టేపు చుట్టాను. పానాకు ఇనుప పైపు తొడిగి దాని మీద నా బరువంతా వేశాను. టక్కుమంది. చూస్తే పోర్టు అంచున వెంట్రుకంత పగులు.

ప్రొద్దుటూరులో లేత్ పని చేసే పెద్దాయన రెండు అడాప్టర్లనూ పక్కపక్కన పెట్టి, "ఇది దీని జోడీ కాదప్పా" అన్నాడు. పోర్టుది బీఎస్‌పీ (బ్రిటిష్ పైపు కొలత) ప్యారలల్ త్రెడ్, అంటే మొదటి నుంచి చివరిదాకా ఒకే లావున ఉండే మర. నేను ఎక్కించింది ఎన్‌పీటీ (అమెరికన్ పైపు కొలత), అంటే కొసకు సన్నబడే టేపర్ త్రెడ్. అరంగుళం సైజులో రెంటికీ అంగుళానికి 14 త్రెడ్లే, అందుకే మొదట దారి ఇస్తుంది. కానీ బీఎస్‌పీ త్రెడ్ కోణం 55 డిగ్రీలు, ఎన్‌పీటీది 60. అవి సరిగా కూర్చోవు. పైగా టేపర్ లోపలికి పోయేకొద్దీ, గనిలో బండ చీల్చడానికి కొట్టిన ఉలిలాగా పోర్టును చీలుస్తుంది. ప్యారలల్ పోర్టులో ఆయిల్‌ను ఆపేది త్రెడ్ కాదు, కింద కూర్చునే డౌటీ వాషర్. ఇనుప వాషర్ లోపలి అంచుకు రబ్బరు ఉంటుందే, అదే.

మీకు కారుతున్నది హోస్ నట్టు దగ్గర కాబట్టి అక్కడ పని కోన్‌ది. అడాప్టర్ మూతి మీద ఏటవాలుగా ఉండే నున్నటి భాగం, హోస్ లోపలి భాగం ఒకదానికొకటి ఆనుకుంటేనే సీల్ అవుతుంది. నట్టు త్రెడ్ ఆ రెంటినీ దగ్గరకు లాగి పట్టుకుంటుంది, అంతే. కాబట్టి అక్కడ టేపు దండగ. దండగతో పోతే ఫర్వాలేదు, తెగిన పీలికలు ఆయిల్‌తో పాటు వెళ్లి కంట్రోల్ వాల్వులో ఇరుక్కుంటాయి.

ముందు ట్రాలీని పూర్తిగా దించి, ఇంజన్ ఆపి, లివర్‌ను అటూఇటూ ఆడించి ప్రెషర్ వదిలేయండి. లేపిన ట్రాలీ కింద దూరి నట్టు విప్పే ధైర్యం ఎవరికీ వద్దు. విప్పాక బట్టతో తుడిచి, కోన్‌ను వెలుతురులో తిప్పి చూడండి. చుట్టూ ఒకే మందాన మెరిసే వలయం కనిపించాలి. వలయం సగమే ఉంటే పైపు వంకరగా కూర్చుంది. కోణమే వేరైనా కారుతుంది. జేఐసీ అనే రకం ఫిట్టింగ్ కోన్ 37 డిగ్రీలు, అచ్చం దానిలాగే కనిపించే ఇంకో రకం 45 డిగ్రీలు. కంటితో తేడా పట్టడం కష్టం, కోణం కొలిచే గేజ్ ఉన్న హోస్ షాపుకు రెండు ముక్కలూ తీసుకెళ్లండి. వలయానికి అడ్డంగా గీత ఉంటే ఆ ముక్క మార్చాల్సిందే. మా దగ్గర ఎక్కువసార్లు దొరికేది బండల పొడి. ఆయిల్ తడికి అతుక్కుని తెల్లగా పేస్టులా ఉంటుంది, అందులో ఒక్క ఇసుక రేణువు చాలు. ఓరింగ్ (గుండ్రటి రబ్బరు రింగు) ఉన్న ఫిట్టింగ్ అయితే దాన్ని కూడా మార్చి, కాస్త ఆయిల్ రాసి గాడిలో కూర్చోబెట్టండి.

ఇక బిగింపు. త్రెడ్‌కు రెండు చుక్కల హైడ్రాలిక్ ఆయిల్ వేసి, నట్టు ఆగేదాకా చేత్తో తిప్పండి. స్కెచ్ పెన్‌తో నట్టు మీద నుంచి అడాప్టర్ మీదికి ఒక గీత గీయండి. ఆ తర్వాతే పానా. నట్టుకు ఆరు పలకలు, ఒక పలక అంటే 60 డిగ్రీలు. జేఐసీలో చిన్న సైజులకు రెండు పలకల దాకా, పెద్ద సైజులకు ఒక పలక. ఖచ్చితమైన లెక్క ఫిట్టింగ్ చార్టులో చూసుకోండి. అడాప్టర్‌ను రెండో పానాతో పట్టుకోవడం మర్చిపోతే నట్టుతో పాటు హోస్ మెలితిరుగుతుంది. హోస్ మీద అచ్చువేసిన గీత తిన్నగా ఉందో లేదో చూస్తే అది తెలిసిపోతుంది. ప్రెషర్‌కు హోస్ కాస్త పొట్టిదవుతుంది కాబట్టి తీగలా లాగి పెట్టకండి.

మొదట ఖాళీ ట్రాలీని నాలుగైదుసార్లు లేపి దించండి, తర్వాతే లోడు. ఎక్కడ కారుతోందో వేలితో తడమకండి, అట్టముక్క అడ్డం పెట్టి చూడండి. సన్నటి చిమ్ము చర్మంలోకి దూరిపోతుంది. మొదట సూది గుచ్చినంతే అనిపించినా, ఆయిల్ లోపలికి వెళ్లిందని చెప్పి వెంటనే ఆసుపత్రిలో చూపించుకోవాలి. మర్నాడు పొద్దున బండి తీసే ముందు నట్టు చుట్టూ పాత పేపరుతో ఒత్తండి. మరక పడితే ఇంకా బిగించకుండా మళ్లీ విప్పి చూడండి. గీత మాత్రం చెరపకండి, తిరిగి బిగించేటప్పుడు నట్టు మీది గీతను ముందుసారి బిగించినప్పుడు ఆగిన చోటిదాకా తెచ్చి, చాలా కొద్దిగా దాటిస్తే సరిపోతుంది.