బొటనవేలి మొదట్లో నొప్పి.. ఆపరేషన్ తప్పదా?

ప్రశ్న: నా వయసు 56. దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంట్లోనే బ్లౌజులు కుడతాను. ఏడాదిగా కుడిచేతి బొటనవేలి మొదట్లో నొప్పి. కత్తెర పడితే ప్రాణం పోతోంది. ఎక్స్‌రే చూసి జాయింట్ అరిగిందన్నారు. ఆపరేషన్ లేకుండా తగ్గదా డాక్టర్ గారూ?

జవాబు: మీరు చెప్పినదాన్ని బట్టి ఇది బొటనవేలు మణికట్టును కలిసేచోట వచ్చే ఆస్టియో ఆర్థరైటిస్, అంటే కీలు అరుగుదల. నెలసరి ఆగిన ఆడవాళ్లలో ఎక్కువగా చూస్తుంటాం. అరిగిన గుజ్జు మళ్లీ రాదు. కానీ అరుగుదల ఎంతుంటే నొప్పి అంత ఉండాలనేమీ లేదు. చాలామందికి కత్తి పడకుండానే గడిచిపోతుంది.

బొటనవేలు, చూపుడువేలి కొసలతో కిలో బలంతో నొక్కితే, కింద ఆ జాయింట్ మీద దాదాపు 12 కిలోల ఒత్తిడి పడుతుంది. సూది, హుక్కులు, కత్తెర.. మీ పనంతా ఆ నొక్కుడే! ఇక వంటింట్లో పట్టకారు. నిండు పాలగిన్నెను దాంతో దించడం ఆ వేలికి పెద్ద శిక్ష. రెండు పక్కలా చెవులున్న గిన్నె వాడి, గుడ్డతో రెండు చేతులా దించండి. సూదికి, చాకుకు పట్టు లావుగా ఉండాలి. చాకు పిడికి పాత గుడ్డ చుట్టినా చాలు. ఫోన్‌ను బొటనవేలితో కాకుండా చూపుడువేలితో జరపండి.

ఈ మార్పులన్నీ నేర్పేది ఆక్యుపేషనల్ థెరపిస్టు. ఫిజియోథెరపీ, ఇదీ ఒకటే అనుకుంటారు గానీ, వీళ్లు చూసేది మీరు చేసే పనిని. వేడినీళ్లలో మెత్తబడిన ప్లాస్టిక్ షీటును మీ చేతి మీదే వంచి స్ప్లింట్ (బొటనవేలి మొదలు కదలకుండా పట్టి ఉంచే ఆధారం) చేసిస్తారు. పని చేసేటప్పుడు పెట్టుకోండి. వారానికే తీసి పక్కన పడేయొద్దు, తేడా తెలియడానికి రెండు మూడు నెలలు పడుతుంది.

ఎవరో చెప్పారని రబ్బరు బంతిని గట్టిగా పిసకొద్దు. దానికి బదులు చూపుడువేలిని బొటనవేలి వైపు జరుపుతూ, రెండో చేత్తో ఎదురు నొక్కండి. నొప్పి రానంత వరకు, రోజుకు పదిసార్లు. నొప్పి ఎక్కువైన రోజు డైక్లోఫినాక్ జెల్ రాసుకోవచ్చు. బీపీ, కిడ్నీ సమస్య, అల్సర్ ఉంటే మాత్రం మెడికల్ షాపులో అడిగి నొప్పి మాత్రలు వేసుకోవద్దు.

పొద్దున లేవగానే అరగంటకు మించి వేళ్లు బిగుసుకుపోతున్నా, పిడికిలి కణుపులు రెండు చేతులకూ వాస్తున్నా అది రుమటాయిడ్ ఆర్థరైటిస్ (ఒంటి రక్షణ వ్యవస్థే కీళ్ల మీద దాడి చేసే జబ్బు) కావచ్చు. అప్పుడు దారి వేరు. నిమ్స్‌లో గానీ, దగ్గర్లో గానీ రుమటాలజిస్టుకు (ఇలాంటి కీళ్ల జబ్బులు చూసే డాక్టర్‌కు) చూపించుకోండి.

థెరపిస్టు దగ్గరికి వెళ్లేటప్పుడు ఎక్స్‌రేతో పాటు మీ కత్తెర కూడా తీసుకెళ్లండి. ఎలా పడుతున్నారో వాళ్లు చూడాలి.