ఇప్పుడే రీస్టార్ట్ చేయకండి, ముందు పోర్ట్ చూడండి

ప్రశ్న: మాది పలాసలో జీడిపప్పు వ్యాపారం. పిక్కల కొనుగోళ్లు, స్టాక్, బిల్లులు అన్నీ ఉబుంటు సర్వర్ మీదున్న పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లోనే. ఆదివారం 12వ వెర్షన్ నుంచి 16కి మారాం. డంప్ (మొత్తం డేటా కాపీ) తీసి కొత్తదాంట్లోకి ఎక్కించి, పాతదాన్ని ఆపేశాం. సర్వర్ దగ్గర కూర్చుని 16ను తెరిస్తే లెక్కలన్నీ ఉన్నాయి. కౌంటర్లలోని మూడు కంప్యూటర్లు మాత్రం ‘కనెక్షన్ రిఫ్యూజ్డ్’ అంటున్నాయి. టెన్షన్‌గా ఉంది సార్, ఒకసారి సర్వర్ మెషీన్‌ను రీస్టార్ట్ చేయమంటారా?
– ఒక పాఠకుడు, పలాస

జవాబు: వద్దండి. మీరు ఆపిన 12 ఇప్పటికి మాత్రమే ఆగింది. మెషీన్ మళ్లీ ఆన్ కాగానే అదీ లేస్తుంది. కౌంటర్లు దానికే కనెక్ట్ అవుతాయి, బిల్లులు పడతాయి, సమస్య పోయిందనుకుంటారు. కానీ ఆ డబ్ల్యూ-320 రకం జీడిపప్పు డబ్బాల లెక్కంతా పాత డేటాబేస్‌లోకి పోతుంది. వారం తర్వాత రెండు లెక్కలనూ కలపడం ఎంత నరకమో చెప్పలేను.

ఎందుకిలా అంటే, పోర్ట్ అంటే కౌంటర్లు సర్వర్‌లోకి వచ్చే తలుపు నంబరు. 5432 పోర్ట్‌లో 12 ఉండగా 16ను పెట్టారు కాబట్టి ఉబుంటు దానికి 5433 ఇచ్చి ఉంటుంది. పీజీ ఎల్ఎస్ క్లస్టర్స్ కమాండ్ ఇవ్వండి (పీజీ తర్వాత అండర్‌స్కోర్, మిగతాది కలిపి). రెండు వెర్షన్లూ, వాటి పోర్టులూ పక్కపక్కనే కనిపిస్తాయి.

ముందు ఈటీసీ/పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్/12/మెయిన్ ఫోల్డర్‌లోని స్టార్ట్.కాన్ఫ్‌లో ‘ఆటో’ తీసేసి ‘డిజేబుల్డ్’ అని రాయండి. ఇక అది తనంతట తాను లేవదు. తర్వాత 16 ఫోల్డర్‌లోని పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్.కాన్ఫ్‌లో పోర్ట్‌ను 5432 చేయండి. అక్కడే లిజన్ అడ్రెసెస్ అనే లైను ఉంటుంది. కొత్త ఇన్‌స్టాలేషన్‌లో అది లోకల్‌హోస్ట్‌కే పరిమితం. అంటే పక్క గదిలోని కంప్యూటర్‌కు కూడా తలుపు మూసే ఉంటుంది. దానికి సర్వర్ ఐపీని చేర్చి, మెషీన్‌ను కాకుండా 16 సర్వీసును మాత్రమే రీస్టార్ట్ చేయండి.

ఇప్పుడు ఎర్రర్ మారితే సంతోషించండి! ‘నో పీజీ హెచ్‌బీఏ ఎంట్రీ’ అని వస్తే పిలుపు సర్వర్‌దాకా చేరినట్టే. ఏ కంప్యూటర్‌ను లోపలికి రానివ్వాలో రాసి ఉండేది హెచ్‌బీఏ ఫైలు; పాత ఫోల్డర్‌లోని ఆ ఫైలు చూసి మీ కౌంటర్ల లైన్లను కొత్త ఫైల్లో రాసి, రీలోడ్ చేస్తే చాలు. తొందరలో అందరికీ ‘ట్రస్ట్’ అని మాత్రం పెట్టకండి. అప్పుడు పాస్‌వర్డ్ ఉన్నా లేనట్టే.

ఆ తర్వాత పాస్‌వర్డ్ తప్పంటే కంగారు పడొద్దు. 12లో పాస్‌వర్డ్‌లు మామూలుగా ఎండీ5 పద్ధతిలో దాచేవారు, 14వ వెర్షన్ నుంచి స్క్రామ్ అనే మరో పద్ధతి డిఫాల్ట్. బిల్లింగ్ యూజర్‌కు అదే పాస్‌వర్డ్ మళ్లీ సెట్ చేస్తే కొత్త పద్ధతిలో నమోదవుతుంది. అయినా కుదరకపోతే మీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లోని డ్రైవర్ (డేటాబేస్‌తో మాట్లాడే భాగం) పాతదై దానికి స్క్రామ్ తెలియకపోవచ్చు, తయారుచేసినవాళ్లను అప్‌డేట్ అడగండి.

ఒక్కో కౌంటర్‌లో ఒక్కో బిల్లు కొట్టి, మూడూ 16లోనే పడ్డాయో లేదో కళ్లారా చూసుకోండి. 12 డేటా ఫోల్డర్‌ను ఇప్పుడప్పుడే తీసేయకండి.