ఫుటీ ప్రశ్నలు – జవాబులు: ఆంజాక్ డే టీంలో ఎవరుండాలి, ఎందుకుండాలి

యుద్ధాల్లో చనిపోయినవాళ్లని తలుచుకునే ఆంజాక్ డే, ఏప్రిల్ 25, దగ్గరపడేసరికి మెల్‌బోర్న్ తెలుగు పాఠకుల నుంచి వచ్చే ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఎంసీజీలో (మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్) జరిగే కాలింగ్‌వుడ్, ఎసెండన్ టీంల ఫుటీ (ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్) మ్యాచ్ గురించే. ఈసారి అందరూ అటూ ఇటూగా ఒకే సంగతి అడిగారు, టీంలోకి ఎవరిని తీసుకోవాలి, ఎవరిని పక్కనపెట్టాలి అని. అందుకే మిగతా ప్రశ్నలు వచ్చే సంచికకి ఉంచి ఇవి మాత్రమే తీసుకున్నాను.

టీం లిస్టు వచ్చినప్పుడు ఎవరు ఏ పొజిషనో రాసి ఉంటుంది కదా. తీరా మ్యాచ్‌లో చూస్తే ఫార్వర్డ్ అని రాసినతను సెంటర్‌లో ఉంటాడు, వింగ్ అన్నతను బెంచ్ మీద కూర్చుంటాడు. మరి ఆ లిస్టు ఎందుకు?
— ఒక పాఠకుడు, పాయింట్ కుక్

ఆ పొజిషన్లని పెద్దగా పట్టించుకోకండి. బ్యాక్, హాఫ్ బ్యాక్, సెంటర్, హాఫ్ ఫార్వర్డ్, ఫార్వర్డ్ అని వరసకి ముగ్గురు చొప్పున, కింద ఫాలోయర్స్ అని ఇంకో ముగ్గురు, ఇలా రాయడం పాతకాలం నుంచి వస్తున్న పద్ధతి. ఏ కోచ్ కూడా తన అసలు ప్లాన్‌ని అందులో పెట్టి అవతలివాళ్ల చేతికివ్వడు. మీరు చూడాల్సింది 'ఇన్', 'అవుట్' అని విడిగా ఇచ్చే పేర్లు. పొడగరి ఫార్వర్డ్ బయటికెళ్లి చిన్నగా, వేగంగా ఉండేవాడు లోపలికొచ్చాడంటే బంతిని గాల్లో కాకుండా నేలమీద గెలుద్దామని చూస్తున్నారు. డిఫెండర్ స్థానంలో డిఫెండరే వస్తే ఎవరికో దెబ్బ తగిలిందని, ప్లాన్ మారలేదని. లిస్టులో నాకు ముందు కావాల్సినవి ఆ రెండు మూడు పేర్లే, మిగతావాళ్లు మనకి తెలిసినవాళ్లే కదా.

అన్నా, స్టార్ ప్లేయర్ 80 శాతం ఫిట్‌గా ఉన్నా సరే, మామూలు ప్లేయర్ 100 శాతం ఫిట్‌గా ఉన్నదానికంటే బెటరే కదా? మా ఫ్రెండ్స్‌తో ఈ విషయంలో రోజూ గొడవే. తీసుకోవాలనేది నా వాదన.
— ఒక విద్యార్థి, క్లేటన్

తమ్ముడూ, నీ వాదనతో నేను ఏకీభవించను, కారణం చెప్తాను. 2024 గ్రాండ్ ఫైనల్‌కి, అంటే సీజన్ టైటిల్ తేల్చే ఆఖరి మ్యాచ్‌కి, సిడ్నీ స్వాన్స్ లోగన్ మెక్‌డొనాల్డ్‌ని తీసుకున్నారు, అతనికి అంతకుముందు మ్యాచ్‌లోనే చీలమండ దెబ్బతింది. ఆ రోజు అతను ఏమీ చేయలేకపోయాడు, మధ్యలోనే బయటికి పంపి సబ్‌ని (బయట సిద్ధంగా ఉంచే అదనపు ఆటగాణ్ని) దింపారు, బ్రిస్బేన్ 60 పాయింట్ల తేడాతో గెలిచింది, ఆ సెలెక్షన్ తప్పేనని మ్యాచ్ అయ్యాక కోచ్ జాన్ లాంగ్‌మైర్ తనే ఒప్పుకున్నాడు. ఒక్కడి వల్ల 60 పాయింట్లు పోవు, అది నాకూ తెలుసు. కానీ ఫార్వర్డ్ లైన్‌లో పరిగెత్తలేనివాడు ఒకడుంటే అవతలి డిఫెండర్ అతన్ని వదిలేసి, మిగతావాళ్లకి వచ్చే ప్రతి బంతి కిందకీ వెళ్లి మార్క్ పట్టేస్తాడు (గాల్లోనే అందుకుంటాడు). అంటే నువ్వు ఒక ఆటగాణ్ని పోగొట్టుకోవడమే కాదు, వాళ్లకి ఒకణ్ని అదనంగా ఇచ్చినట్టు.

మరుసటి ఏడాది, 2025 గ్రాండ్ ఫైనల్‌లో ఇలాంటి చిక్కే బ్రిస్బేన్‌కి వచ్చింది. సీజన్ ఉత్తమ ఆటగాడికిచ్చే బ్రౌన్‌లో మెడల్‌ని రెండుసార్లు గెలిచిన లాకీ నీల్‌కి ఫైనల్స్ మొదటి వారంలోనే పిక్క కండరం పట్టేసింది. సీజన్ అయిపోయిందనే అనుకున్నారు, కానీ కోలుకున్నాడు. అతన్ని మొదటినుంచి ఆడించకుండా కోచ్ క్రిస్ ఫేగన్ సబ్‌గా పెట్టాడు, కో-కెప్టెన్‌ని! హాఫ్ టైంకి స్కోర్లు సమానంగా ఉన్నాయి, సెకండాఫ్‌లో నీల్ దిగాడు, గోల్ కూడా కొట్టాడు, బ్రిస్బేన్ జీలాంగ్‌ని 47 పాయింట్లతో ఓడించింది. అలిసిపోయిన మిడ్‌ఫీల్డర్ల మధ్యలోకి తాజా కాళ్లతో నీల్ లాంటివాడు రావడమంటే ఎంత తేడానో ఆ రోజు చూసినవాళ్లందరికీ గుర్తుండే ఉంటుంది. కాబట్టి అడగాల్సింది ఎంత శాతం ఫిట్ అని కాదు, అతనికి ఇవ్వబోయే పనికి ఆ ఫిట్‌నెస్ చాలుతుందా అని. నీల్‌కి సగం మ్యాచ్ పని ఇచ్చారు, అది చేశాడు.

నేను ఎసెండన్ అభిమానిని. నిక్ డైకోస్‌ని ఆపకుండా కాలింగ్‌వుడ్‌ని గెలవలేం అని నా నమ్మకం. ఒకణ్ని అతని వెంట వదిలేస్తే సరిపోతుందా? ఎవరూ ఆ పని ఎందుకు సరిగ్గా చేయరు?
— ఒక పాఠకురాలు, క్రెయిగీబర్న్

చేసినవాళ్లు ఉన్నారండీ. 2023లో డైకోస్ మీ టీం మీద ఆడి, మ్యాచ్ ఉత్తమ ఆటగాడికిచ్చే ఆంజాక్ డే మెడల్ గెలుచుకున్నాడు, చివరి క్వార్టర్‌లో వెనక ఉన్న కాలింగ్‌వుడ్‌ని గెలిపించినవాళ్లలో అతనే ముందున్నాడు, మీకు ఆ సాయంత్రం గుర్తుచేస్తున్నందుకు బాధగానే ఉంది. అదే ఏడాది సీజన్ చివర్లో హాథార్న్ వాళ్లు ఫిన్ మగినిస్‌ని ట్యాగ్‌గా (ఒక్కడి వెంటే పడి అడ్డుకునేవాడిగా) పెడితే అదే డైకోస్ మొత్తం మ్యాచ్‌లో బంతిని కిక్ గానీ హ్యాండ్‌బాల్ గానీ చేసింది 5 సార్లే, హాథార్న్ గెలిచింది కూడా. ఆ మ్యాచ్‌లో అతని మోకాలికి దెబ్బ తగిలిన మాట నిజం, అది కూడా లెక్కలోకి తీసుకోవాలి, అయినా ట్యాగ్ పనిచేస్తుందనడానికి అంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలీదు.

మరి అందరూ ఎందుకు చేయరంటే ఖర్చు ఎక్కువ. ట్యాగ్ చేసేవాడు బంతిని చూడడు, మనిషిని చూస్తాడు, అంటే మీ మిడ్‌ఫీల్డ్‌లో బంతి గెలిచేవాడు ఒకడు తగ్గిపోతాడు. పైగా డైకోస్ ఒకచోట ఉండడు, సెంటర్‌లో మొదలుపెట్టి హాఫ్ బ్యాక్‌కి పోతాడు, అక్కణ్నుంచి మళ్లీ ముందుకొస్తాడు, అతని వెంట పడితే మీవాడు కూడా మీకు అక్కర్లేని చోటికి లాక్కుపోబడతాడు. కాలింగ్‌వుడ్ ఆటగాళ్లు దారిలో అడ్డంగా నిలబడి ట్యాగర్‌ని విడదీస్తారు కూడా. అందుకే ట్యాగ్ ఒక్కడి పని కాదు. ట్యాగర్ డైకోస్‌ని వదిలేసిన క్షణం పక్కనున్నవాడు అందుకోవాలి, ఆ రోజు హాథార్న్ గెలిచింది కూడా మిగతా టీం అంతా బాగా ఆడినందువల్లే.

ఎసెండన్ కోచ్‌ని నేనైతే, బాగా పరిగెత్తగలిగే కుర్రాణ్ని ఒకణ్ని ఈ పనికోసమే టీంలోకి తీసుకుంటాను, మొదటి క్వార్టర్ నుంచే పెడతాను. డైకోస్ పదిహేనుసార్లు బంతి ముట్టుకున్నాక ట్యాగ్ పంపడం వల్ల ప్రయోజనం లేదు, చాలా టీంలు చేసే పొరపాటు అదే. ఉన్న మంచి మిడ్‌ఫీల్డర్‌ని మాత్రం ఆ పనికి పంపను.

మా అబ్బాయి మెల్‌బోర్న్‌లో ఉంటాడు, తనవల్ల నాకూ ఈ ఆట అలవాటైంది. సబ్ తీసేసి బెంచ్ మీద ఐదుగురిని పెట్టారట. ఐపీఎల్‌లో ఇంపాక్ట్ ప్లేయర్ లాగా సబ్ బాగానే ఉండేది కదా, ఎందుకు మార్చారు? ఆ ఐదోవాడు ఎవరైతే మంచిదంటారు?
— ఒక పాఠకుడు, విజయవాడ

మంచి పోలిక తెచ్చారండీ. ఇంపాక్ట్ ప్లేయర్, కోచ్ ఇష్టమొచ్చినప్పుడు వాడుకునే ఫుటీ సబ్, రెండూ 2023లోనే వచ్చాయి. అంతకుముందు 2021 నుంచి సబ్ ఉండేవాడు గానీ ఎవరికైనా దెబ్బ తగిలితేనే దిగాలి. చిక్కేమిటంటే సబ్‌గా ఉన్నవాడు వారమంతా మ్యాచ్‌కి సిద్ధమై శనివారం మూడు క్వార్టర్లు కోటు వేసుకుని కూర్చునేవాడు, కొన్నిసార్లు ఆడేది పది నిమిషాలే. కుర్రాళ్లకి అది చాలా అన్యాయం, నేను మొదటినుంచీ దానికి వ్యతిరేకిని. ఈ 2026 సీజన్ నుంచి సబ్ లేడు, మైదానంలో 18 మంది, బెంచ్ మీద ఐదుగురు, అందరూ ఎప్పుడైనా మారవచ్చు, మ్యాచ్ మొత్తానికి మార్పులు మాత్రం 75కి మించకూడదు.

ఐదోవాడి గురించి మీరు అడిగింది ఇప్పుడు అభిమానులందరూ వాదించుకుంటున్న విషయం. ఇంకో మిడ్‌ఫీల్డర్‌ని పెడితే ఆట వేగంగా ఉంటుంది. ఇంకో పొడగరిని పెడితే ఎవరైనా పెద్ద డిఫెండర్ దెబ్బతిన్నప్పుడు టీం కూలిపోదు. నా ఓటు రెండు మూడు పొజిషన్లు ఆడగలిగేవాడికి, వెనకా ముందూ ఎక్కడైనా సర్దుకునేవాడికి. తలకి దెబ్బ తగిలి కంకషన్ అని తేలితే ఆ ఆటగాడు ఇక ఆ రోజు తిరిగిరాడు, తర్వాత కనీసం 12 రోజులు ఆడకూడదు. అలాంటిది మొదటి క్వార్టర్‌లోనే జరిగితే ఖాళీ ఏ లైన్‌లో వస్తుందో ముందుగా ఎవరూ చెప్పలేరు కదా.

రక్‌లో ఇద్దరు ఉండాలా, ఒకడు చాలా?
— ఒక పాఠకుడు, టార్నీట్

రక్ అంటే బంతి పైకి లేచినప్పుడు ఎగిరి దాన్ని తనవాళ్ల వైపు తట్టే పొడగరి. ఒకడు చాలు, అతనికి ఊపిరి పీల్చుకునే టైం ఇవ్వగలిగే పొడగరి ఫార్వర్డ్ ఇంకొకడు ఉంటే. 2023కి మెల్‌బోర్న్ వాళ్లు మ్యాక్స్ గాన్ ఉండగానే బ్రోడీ గ్రండీని కూడా తెచ్చుకున్నారు, ఇద్దరూ దేశంలోనే గొప్ప రక్‌మన్లు. కాగితం మీద అద్భుతం. తీరా ఒకడు రక్‌లో ఉన్నప్పుడు రెండోవాడు ఫార్వర్డ్‌లో నిలబడాలి, గ్రండీకి అది అలవాటైన పని కాదు, గోల్స్ రాలేదు, అతన్ని టీంలోంచి తీసి కింది స్థాయి లీగ్ వీఎఫ్ఎల్‌కి పంపారు, ఏడాది తిరక్కుండానే సిడ్నీకి వెళ్లిపోయాడు, అక్కడ ఒంటరి రక్‌గా చక్కగా ఆడాడు. ఆటగాడిలో లోపం లేదు, ఇచ్చిన పనిలోనే లోపం. ఐదో బెంచ్ వచ్చాక ఇద్దరు రక్‌మన్లు మళ్లీ కుదరొచ్చని కొందరంటున్నారు. నాకు ఇంకా నమ్మకం కుదర్లేదు. ఇద్దరిలో ఒకడు ఎప్పుడూ బెంచ్ మీదే ఉంటే మిగిలిన నలుగురితోనే రొటేషన్ నడపాలి, అప్పుడు ఐదోవాడు వచ్చిన లాభం ఏమిటి?

వాన పడితే టీం మార్చాలా?
— ఒక పాఠకురాలు, పాకెన్‌హామ్

ఎంసీజీకి పైకప్పు లేదు కాబట్టి వాతావరణం చూడాల్సిందే. తడి బంతిని గాల్లో పట్టడం కష్టం, అది కిందపడ్డాక గెలిచేవాళ్లే కావాలి. పొడగరి ఫార్వర్డ్లు ముగ్గురుంటే ఒకణ్ని తగ్గించొచ్చు. చినుకులైతే ఏమీ అక్కర్లేదు.

మా ఇంట్లో అందరం కాలింగ్‌వుడ్. మాకిష్టమైన ప్లేయర్‌ని తీసేసి పేరే వినని వాళ్లని పెద్ద మ్యాచ్‌లకి తీసుకుంటారు. అనుభవం లేనివాడికి అంత టెన్షన్ ఉన్న మ్యాచ్ ఇవ్వడం న్యాయమా?
— ఒక కుటుంబం, వెరిబీ

మీ టీం నుంచే చెప్తాను. 2023 గ్రాండ్ ఫైనల్‌కి ముందు కాలింగ్‌వుడ్‌కి ఫార్వర్డ్ డాన్ మెక్‌స్టే మోకాలి దెబ్బతో దూరమయ్యాడు. అతని స్థానంలో కోచ్ క్రెయిగ్ మెక్‌రే ఎవరిని తెచ్చాడు? బిల్లీ ఫ్రాంప్టన్‌ని. గోల్స్ కొడతాడని కాదు. బ్రిస్బేన్ డిఫెన్స్‌లో హ్యారిస్ ఆండ్రూస్ అనే అతను ఉన్నాడు, అవతలివాళ్లు లోపలికి కొట్టే బంతుల్ని మధ్యలోనే పట్టేసి ఆటని తిప్పేస్తాడు. ఫ్రాంప్టన్ చేయాల్సిందల్లా అతని పక్కనే ఉండి ఒంటితో అడ్డుకోవడం, గాల్లోకి తేలిగ్గా లేవనివ్వకపోవడం. చేశాడు, ఆండ్రూస్ ఆ రోజు ఎప్పటిలా ఆడలేకపోయాడు. బంతి కిందపడిన చోట బాబీ హిల్ లాంటి చిన్న ఫార్వర్డ్‌కి పని దొరికింది, నాలుగు గోల్స్ కొట్టి, గ్రాండ్ ఫైనల్ ఉత్తమ ఆటగాడికిచ్చే నార్మ్ స్మిత్ మెడల్ అందుకున్నాడు. మీవాళ్లు గెలిచింది నాలుగే నాలుగు పాయింట్లతో, 90–86. ఫ్రాంప్టన్ బదులు పేరున్న ఇంకో ఫార్వర్డ్‌ని తెచ్చి, ఆండ్రూస్‌ని వదిలేసి ఉంటే ఆ నాలుగు పాయింట్లు నిలిచేవా? నేననుకోను.

అనుభవం మాటకొస్తే 2019లో రిచ్‌మండ్ వాళ్లు మార్లియన్ పికెట్‌కి మొట్టమొదటి ఏఎఫ్ఎల్ (ఫుటీలో అగ్రస్థాయి లీగ్) మ్యాచ్‌గా ఏకంగా గ్రాండ్ ఫైనల్‌నే ఇచ్చారు, అలా జరగడం 1952 తర్వాత అదే మొదటిసారి. వారం ముందే వీఎఫ్ఎల్ గ్రాండ్ ఫైనల్‌లో అందరికంటే బాగా ఆడాడు, కాళ్లలో ఆట ఉంది, జాక్ గ్రాహమ్ భుజం దెబ్బతో తప్పుకున్నాడు కాబట్టి చోటుంది. అతను గోల్ కొట్టాడు, రిచ్‌మండ్ 89 పాయింట్లతో గెలిచింది. అతను టెన్షన్ పడ్డాడో లేదో గానీ, చూస్తున్న నాకు మాత్రం కళ్లు చెమర్చాయి. మీ అభిమాన ఆటగాణ్ని తీసేస్తే బాధపడండి, అది సహజం. అయితే కొత్తవాడు ఎవరి పక్కన నిలబడతాడో మొదటి పది నిమిషాలు చూసి, ఆ తర్వాత కోచ్‌ని తిట్టాలో వద్దో నిర్ణయించుకోండి.

మొదటిసారి ఆంజాక్ డే మ్యాచ్‌కి వెళ్తున్నాం. టీవీలో చూపించనిది, గ్రౌండ్‌లో ఉంటేనే కనబడేది ఏమైనా ఉందా?
— ఒక జంట, గ్లెన్ వేవర్లీ

ముందుగా, ఆలస్యంగా వెళ్లకండి. ఆట మొదలయ్యే ముందు యుద్ధాల్లో చనిపోయినవాళ్ల కోసం బ్యూగుల్ మీద లాస్ట్ పోస్ట్ వాయిస్తారు, అంత పెద్ద స్టేడియం అంతా లేచి మౌనంగా నిలబడుతుంది, అది తప్పకుండా చూడాలి. ఈ రెండు టీంల మధ్య ఆంజాక్ డే మ్యాచ్ 1995లో మొదలైంది, మొదటిదే 111–111తో టై అయింది, 94,825 మంది వచ్చారు.

ఇక ఆట సంగతి. వీలైతే పైన, గోల్స్ వెనక వైపు సీట్లు తీసుకోండి. ప్రతి గోల్ తర్వాత బంతి మళ్లీ సెంటర్‌కి వచ్చినప్పుడు రెండు టీంలూ ముందు ఆరుగురు, మధ్యలో ఆరుగురు, వెనక ఆరుగురుగా నిలబడాలి, 2019 నుంచి ఇదే రూల్. బంతి పైకి లేచిన మరుక్షణం ఎవరు ఎటు పరిగెత్తుతున్నారో అప్పుడు చూడండి. టీవీ కెమెరా బంతి మీదే ఉంటుంది, మీరు బంతిని ఒక్క క్షణం వదిలేయండి. ముందుండాల్సిన ఆరుగురిలో ఒకడు వెనక్కి పరిగెత్తుకుంటూ వచ్చి డిఫెన్స్‌లో అదనంగా నిలబడితే ఆ టీం భయపడుతోందని అర్థం, లేదా లీడ్ కాపాడుకోవాలనుకుంటోందని. అలా వచ్చినవాణ్ని అవతలి టీం ఖాళీగా వదిలేస్తే వచ్చిన బంతులన్నీ అతనే పట్టేస్తాడు, అందుకని వాళ్లు కూడా ఒకణ్ని అతని మీదకి పంపుతున్నారా లేదా అని చూడండి. ఎవరినీ పంపకపోతే నేనైతే సీట్లోంచి లేచి అరుస్తాను, మీరూ అరవండి.