ఐదేళ్లు క్లౌడ్ ప్లాట్‌ఫామ్‌నే నమ్ముకోవచ్చా: చెరువుల యాప్ గురించిన ప్రశ్నకు జవాబు

మీరు అడిగింది ఇదీ: భీమవరం చుట్టుపక్కల రొయ్యల రైతులకు మేత లెక్క, నీటి పరీక్షలు, ఏరేటర్ (నీటిలోకి గాలి కలిపే యంత్రం) ఆగితే అలారం, ఈ మూడూ ఉన్న యాప్ తయారైంది. దాన్ని హెరోకులాంటి ప్లాట్‌ఫామ్ (మన యాప్‌ను తన సర్వర్ల మీద నడిపిపెట్టే సేవ) మీద పెట్టి ఐదేళ్లు నిశ్చింతగా ఉండొచ్చా, సొంత సర్వర్ తీసుకోవాలా?

పెట్టొచ్చండి. అలారం ఒక్కటి మాత్రం దాని మీద పెట్టకండి.

తెల్లవారుజామున చెరువులో డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్) బాగా పడిపోతుంది. ఆ వేళ కరెంటు పోయి ఏరేటర్లు ఆగితే, రొయ్యలు తేలడానికి ఎంతోసేపు పట్టదు. ప్లాట్‌ఫామ్ వాళ్లు 99.9 శాతం నడుస్తుందని మాట ఇచ్చి నిలబెట్టుకున్నా, మిగిలిన 0.1 శాతం నెలకు 43 నిమిషాలు, ఏడాదికి 8 గంటల 45 నిమిషాలు అవుతుంది. ఒక్కోసారి అంతా ఒకేసారి వచ్చి పడుతుంది. 2025 జూన్ 10న హెరోకు సర్వర్లలో ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌డేట్ ఎవరూ అనుకోకుండా దానంతటదే జరిగి, నెట్‌వర్క్ రూట్లు పోయి, సేవలు చాలా గంటలు ఆగాయి. కబురు చెప్పాల్సిన స్టేటస్ పేజీ కూడా దెబ్బతింది. అదే ఏడాది అక్టోబరు 20న అమెజాన్ క్లౌడ్ వర్జీనియా రీజియన్ డీఎన్‌ఎస్ (పేరును సర్వర్ చిరునామాగా మార్చే వ్యవస్థ) లోపంతో పడిపోయినప్పుడు, దాని మీద నడిచేవి ఎన్నో ఆగాయి.

అందుకని స్టార్టర్ బాక్స్ దగ్గరే ఫేజ్ పోతే మోగే సైరన్, దానికి బ్యాటరీ, సిమ్ వేసిన జీఎస్‌ఎం మాడ్యూల్ ఉండాలి. అది నేరుగా మకాంలో ఉన్న మనిషికి ఫోన్ కొట్టాలి. క్లౌడ్‌కు ఆ సంగతి పది నిమిషాలు ఆలస్యంగా చేరినా నష్టం లేదు.

రైతు ఫోన్ వైపు కూడా ఇదే పద్ధతి. తుపాను వస్తే టవర్లు పోతాయి. 2022 మేలో కోనసీమలో మొబైల్ నెట్ రోజుల తరబడి ఆపేశారు. సర్వర్ శుభ్రంగా నడుస్తున్నా మీ యాప్ పనికిరాని రోజులవి. మేత ఎంట్రీని ముందు ఫోన్‌లోనే దాచి, నెట్ వచ్చాక పంపించండి. ప్రతి ఎంట్రీకి ఫోన్‌లోనే ఒక యూనిక్ ఐడీ పుట్టించి, సర్వర్‌లో దానికి యూనిక్ ఇండెక్స్ (అదే ఐడీని రెండోసారి రానివ్వని కట్టడి) పెట్టండి. లేకపోతే సిగ్నల్ సరిగా లేని చోట ఒకే మేత రెండుసార్లు లెక్కలో పడి, ఎఫ్‌సీఆర్ (కిలో రొయ్యకు ఎన్ని కిలోల మేత పట్టిందనే లెక్క) మొత్తం తప్పుతుంది. ఎంట్రీ రాసిన టైమూ, సర్వర్‌కు చేరిన టైమూ వేరువేరు కాలమ్‌లలో ఉంచండి.

ఇక ఐదేళ్ల సంగతి. కొన్ని గంటలు పడిపోవడం కన్నా షరతులు మారిపోవడమే ఎక్కువ దెబ్బ తీస్తుంది. ఇది లీజు చెరువు లాంటిది. పంట మీదే, గట్టు మీది కాదు. హెరోకు 2022 ఆగస్టు 25న ఉచిత ప్లాన్లు తీసేస్తున్నామని చెప్పి నవంబరు 28 నుంచి ఆపేసింది. గడువు మూడు నెలలు. యాప్‌ల సర్వర్ పనులు చూసే పార్స్ అనే సేవ, మూసేస్తామని 2016 జనవరిలో చెప్పి 2017 జనవరిలో మూతపడింది. ఒక ఏడాది ఇచ్చారు కాబట్టి చాలామంది బయటపడగలిగారు. ఉచిత ప్లాన్ మీద రైతు లెక్కలు ఎప్పుడూ పెట్టకండి.

చప్పుడు లేకుండా వచ్చే ఇబ్బంది వెర్షన్లది. హెరోకు-20 స్టాక్ (యాప్ కింద ఉండే ఆపరేటింగ్ సిస్టమ్ కూర్పు) గడువు 2025 ఏప్రిల్‌తో ముగిసింది. అలాంటి స్టాక్ మీద పాత యాప్ నడుస్తూనే ఉంటుంది, కొత్త బిల్డ్ మాత్రం ఒప్పుకోదు. రెండేళ్లు ముట్టుకోని యాప్‌లో సరిగ్గా పట్టుబడి రోజున చిన్న తప్పు దిద్దాల్సి వస్తే, ముందు స్టాకు, తర్వాత లాంగ్వేజ్ వెర్షన్, ఆపైన లైబ్రరీలు వరసగా మార్చుకుంటూ పోవాలి. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మేజర్ వెర్షన్‌కు కూడా ఐదేళ్లే సపోర్టు. ఆరు నెలలకోసారి ఒక పూట దీనికి కేటాయించండి. లాక్ ఫైల్ (లైబ్రరీల కచ్చితమైన వెర్షన్ల జాబితా), డాకర్‌ఫైల్ (యాప్‌ను ఎక్కడైనా తయారుచేసే సూచనలు) కోడ్ రిపాజిటరీలోనే ఉండాలి. 2022 ఏప్రిల్‌లో లాగిన్ టోకెన్ల దొంగతనం తర్వాత హెరోకులో గిట్‌హబ్ (కోడ్ దాచే సైటు) అనుసంధానం నెలకు పైగా ఆగిపోయింది. కాబట్టి కమాండ్ లైన్ నుంచి నేరుగా డిప్లాయ్ చేయడం (కొత్త కోడ్ ఎక్కించడం) ఇద్దరికైనా వచ్చి ఉండాలి.

రోజువారీ తప్పుల్లో ఎక్కువగా కనిపించేది డేటాబేస్ కనెక్షన్ల లెక్క. రెండు డైనోలు (హెరోకులో యాప్ నడిచే చిన్న సర్వర్లు), ఒక్కోదానిలో నాలుగు వర్కర్లు (పని చేసే ప్రాసెస్‌లు), ఒక్కో వర్కర్‌కు ఐదు కనెక్షన్ల పూల్ (సిద్ధంగా ఉంచుకునే గుంపు) అంటే 40 కనెక్షన్లు. చిన్న పోస్ట్‌గ్రెస్ ప్లాన్‌లో దొరికేవి 20. పొద్దున్నే అందరూ ఒకేసారి ఎంట్రీలు కొట్టే వేళకే అది బయటపడుతుంది. పూల్‌ను రెండుకు దించితే 16తో సరిపోతుంది. డైనో రోజుకొకసారి రీస్టార్ట్ అవుతుంది, దాని డిస్కులో దాచిన ల్యాబ్ రిపోర్టు ఫోటోలు పోతాయి. అవి ఆబ్జెక్ట్ స్టోరేజీలోకి (ఫైళ్లు దాచే వేరే సేవలోకి) వెళ్లాలి. 30 సెకన్లలో జవాబు మొదలవ్వని రిక్వెస్టును హెరోకు రూటర్ తెంపేస్తుంది గనుక, కల్చర్ మొత్తం రిపోర్టును బ్యాక్‌గ్రౌండ్ వర్కర్‌తో చేయించండి.

బ్యాకప్ అదే ఖాతాలో ఉంటే బ్యాకప్ కాదు. ఖాతా ఆగితే రెండూ పోతాయి. ఇక్కడి కార్డులతో అది జరిగేదే: 2021 అక్టోబరు 1 నుంచి రిజర్వ్ బ్యాంకు ఈ-మ్యాండేట్ నిబంధనలు వచ్చాక, మ్యాండేట్ (ముందస్తు అనుమతి) లేని ఆటో డెబిట్లు బ్యాంకు దగ్గరే తిరిగిపోతాయి. బిల్లు మెయిల్ ఇద్దరికి వచ్చేలా, రెండో కార్డు సిద్ధంగా ఉండేలా చూసుకోండి. రాత్రికొకసారి పీజీ డంప్‌ను (పోస్ట్‌గ్రెస్ డేటా మొత్తం నకలును) కస్టమ్ ఫార్మాట్‌లో తీసి వేరే కంపెనీ స్టోరేజీకి పంపండి. నెలకొకసారి దాన్ని ఖాళీ డేటాబేస్‌లోకి ఎక్కించి, మేత టేబుల్‌లో వరసల సంఖ్యా, చివరి ఎంట్రీ తేదీ సరిపోయాయో లేదో చూడండి.

సొంత సర్వర్ చౌకే, కానీ ప్యాచ్‌లు, డిస్కు నిండటం, అర్ధరాత్రి రీబూట్ అన్నీ మీ నెత్తిన పడతాయి. మీ టీమ్‌లో ముగ్గురికి తక్కువ మంది ఉంటే నేను ప్లాట్‌ఫామ్ వైపే మొగ్గుతాను.

ఎంచుకున్నది ఏదైనా, డొమైన్ మీ పేరున వేరే రిజిస్ట్రార్ దగ్గర ఉంచి, ఏడాదికోసారి వేరే ప్లాట్‌ఫామ్‌కు మారే రిహార్సల్ చేయండి. వేసవిలో క్రాప్ హాలిడే (సాగు ఆపే విరామం) ఉంటే అప్పుడు పెట్టుకోండి. రెండు రోజుల ముందు డీఎన్‌ఎస్ టీటీఎల్ (పాత చిరునామాను గుర్తుంచుకునే గడువు) 300 సెకన్లకు తగ్గించండి. ఆ రోజు డాకర్ ఇమేజ్‌ను (తయారైన యాప్ ప్యాకేజీని) రెండో ప్లాట్‌ఫామ్‌లో లేపి, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ (పాస్‌వర్డుల్లాంటి సెట్టింగులు) పెట్టి, పాత యాప్‌లో రాతలు ఆపి, డంప్ ఎక్కించి, సీనేమ్ (డొమైన్ ఎక్కడికి చూపాలో చెప్పే డీఎన్‌ఎస్ రాత) మార్చండి. గడియారం పెట్టుకుని చూడండి. నాలుగు గంటల్లోపు అయితే మీ ఏర్పాటు బాగున్నట్టే. ఎక్కువ పడితే సాధారణంగా ఇరుక్కునేది ఎక్కడా రాసిపెట్టని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ దగ్గర, ఎస్సెమ్మెస్ గేట్‌వే పాత ఐపీనే ఒప్పుకునే చోట. ముందు ఆ రెండూ రాసి పెట్టుకోండి.