నిశ్చితార్థానికి బిద్రీ పళ్ళెం

చి. సౌమ్యకు పెదనాయన ఆశీస్సులు.

వియ్యాలవారికి వెండి పళ్ళెం బదులు, నల్లటి లోహంలో వెండి పొదిగి చేసే బిద్రీ పళ్ళెంలో తాంబూలం పెడదామని నువ్వు అంటున్నట్టు మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం బిడ్డా. ఆ పని పుట్టిన బీదరు మన జహీరాబాద్ నుంచి దగ్గరే కదా, అక్కడి పాత ఊళ్ళో చౌబారా బురుజు వైపు కార్ఖానాల్లో కూర్చుని ఆ పని ఎంతో చూశాను. అందుకే రాస్తున్నా.

ముందుగా ఒక విషయం కనుక్కో. అవతలి ఇంట్లో పెద్దవాళ్ళకు నలుపు పట్టింపు ఉందా? శుభకార్యంలో నల్లటి పళ్ళెం ఏమిటని ఎవరో ఒక పెద్దావిడ అక్కడికక్కడే అంటే, ఎంత మంచి వస్తువు ఇచ్చినా అందరి మనసూ చివుక్కుమంటుంది. నీకు కాబోయే ఆయనతో చెప్పించి, వాళ్ళ అమ్మగారికి ఫోటో చూపించమను. కొంచెం తటపటాయిస్తే మానుకోనక్కర్లేదు, అఫ్తాబీ పని అడుగు. అందులో వెండి రేకే పళ్ళెమంతా పరుచుకుని ఉంటుంది, రేకును కత్తిరించిన చోట మాత్రమే పువ్వులూ తీగెలూ నల్లగా కనిపిస్తాయి. నలుపు అభ్యంతరం లేదంటే నా ఓటు తార్‌కషీకి. సన్నటి వెండి తీగను గాడిలో పెట్టి సుత్తితో కొట్టి పొదుగుతారు. ఫూల్‌ఝడీ డిజైన్ తార్‌కషీలో చూస్తే కళ్ళు తిప్పుకోలేవు.

మంచిదాన్ని గుర్తుపట్టాలంటే దాన్ని ఎలా చేస్తారో తెలియాలి. జింక్‌లో కొద్దిగా రాగి కలిపి ఇసుక అచ్చులో పోత పోస్తారు. ఆకురాయితో నునుపు చేసి, మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) నీళ్ళు పూస్తారు. దాంతో పైన తాత్కాలికంగా నల్లబడుతుంది, గీసిన గీత స్పష్టంగా కనబడడానికి. తర్వాత ఉలితో చెక్కి వెండి పొదుగుతారు. మళ్ళీ నునుపు చేసేసరికి అంతా బూడిదరంగే, వెండి ఎక్కడుందో కూడా సరిగ్గా తెలియదు. అప్పుడు పళ్ళెం కాస్త వేడిచేసి, బీదరు కోట మట్టిలో నవాసాగరం (అమోనియం క్లోరైడ్) కలిపిన ముద్ద రుద్దుతారు. ఎండా వానా తగలని పాత గోడల దగ్గరి మట్టి, నాలుకమీద వేసుకుని రుచి చూసి మరీ తెచ్చుకుంటారు. రుద్దుతుండగానే లోహం కాటుకలా నల్లబడిపోతుంది, వెండి మాత్రం తెల్లగా అలాగే నిలబడుతుంది. చూసి తీరాలి.

కాబట్టి ఆ నలుపు పెయింట్ కాదు. నల్ల రంగు వేసిన అల్యూమినియం పళ్ళేలు ఎవరైనా అంటగట్టాలని చూస్తే, చేతిలో పట్టుకోగానే తెలిసిపోతుంది, అంత తేలిగ్గా ఉంటాయి. జింక్ బరువు దానికి రెండున్నర రెట్లు. గోరుతో వెండి అంచు తడిమి చూడు, ఎక్కడా లేచి ఉండకూడదు. వెనక్కి తిప్పి పోతలో చిన్న రంధ్రాలు, పగుళ్ళు ఉన్నాయేమో చూడు. ఎంత వెండి పట్టిందో అడుగు, ధర అక్కడే తేలుతుంది. వెండి లెక్కలో బేరం చెయ్యి, చేతికూలిలో మాత్రం చెయ్యకు. బీదరు ఉస్తాద్ షా రషీద్ అహ్మద్ ఖాద్రీ గారికి 2023లో పద్మశ్రీ వచ్చిందంటే ఆ విద్య ఏ పాటిదో ఆలోచించు.

అమ్మాయి అబ్బాయి పేర్లు తెలుగులో వేయిద్దామనుకుంటే కాగితం మీద పెద్ద అక్షరాలతో నువ్వే రాసివ్వు. చెక్కేవాళ్ళలో చాలామందికి మన లిపి రాదు, ఒత్తు ఒకటి జారితే వెండి దిగాక చేసేదేమీ ఉండదు. మైలుతుత్తం పూసి గీత గీసిన దశలో ఫోటో పంపమని ముందే మాట తీసుకో. పేర్లు పళ్ళెం మధ్యలో వద్దు, అంచున చిన్నగా ఉంటేనే అందం.

ఇక వాడకం. ఇక్కడే చాలా బిద్రీ పళ్ళేలు పాడైపోతాయి. పండగొచ్చిందంటే మనవాళ్ళు చింతపండో, నిమ్మచెక్కో, పీతాంబరి పొడో వేసి తోమేస్తారు. పులుపు తగిలితే ఆ నలుపు తెల్లబారి మచ్చలు పడుతుంది, ఇంట్లో ఎంత రుద్దినా తిరిగి రాదు. హారతి కర్పూరం అందులో వెలిగించొద్దు. తడి తమలపాకులు, కొట్టిన కొబ్బరికాయ నేరుగా పెట్టొద్దు. మీ కార్యక్రమంలో పట్టుగుడ్డ పరిచి దానిమీద చీర, పండ్లు పెట్టండి, పసుపు కుంకుమలు భరిణెల్లో ఉంచండి. తడి తగిలితే వెంటనే తుడిచేస్తే చాలు. అప్పుడప్పుడు మెత్తటి నూలుగుడ్డతో రెండు చుక్కల కొబ్బరినూనె రాసి, జిడ్డు లేకుండా తుడిస్తే నలుపు నిగనిగలాడుతుంది. ఇంకో మాట, ఈ లోహం పెళుసు. గచ్చుమీద పడితే సొట్టపోవడం కాదు, విరుగుతుంది.

ఇవన్నీ నీకు తెలిస్తే సరిపోదు. పళ్ళెం ఉండేది వాళ్ళింట్లో. ఒక చిన్న కార్డు మీద రాసి పెట్టెలోనే పెట్టు, వాళ్ళ అమ్మగారికి నోటితో కూడా చెప్పు.

మాఘంలో ముహూర్తం కాబట్టి దసరా లోపే ఆర్డర్ ఇవ్వాలి. ఆఖర్లో ఆగమాగం చేస్తే ఎవరూ మంచి పని ఇవ్వలేరు, నీకూ టెన్షన్. సైజు, డిజైన్, పేర్లు రాసిన కాగితం వాట్సాప్‌లో పంపు. వచ్చే ఆదివారం బీదరు వెళ్ళి నేనే మాట్లాడి వస్తా.

మీ పెదనాయన